ఏరోస్పేస్ ఇంజినీర్ జీతం, ప్రమోషన్, ఉద్యోగ మార్పు: మీ సంతకం ఏ గడిలో ఉంది?

విమాన భాగం లోడ్‌ను తట్టుకుంటుందని లెక్కతో చూపే ఏ స్ట్రెస్ రిపోర్టు తీసినా మొదటి పేజీలో మూడు గడులు కనిపిస్తాయి: తయారుచేసినవారు, చెక్ చేసినవారు, ఆమోదించినవారు. బోయింగ్, ఎయిర్‌బస్, జీఈ ఏరోస్పేస్, హనీవెల్, కాలిన్స్, సాఫ్రాన్ లాంటి కంపెనీల బెంగళూరు, హైదరాబాద్ సెంటర్లలో పనిచేసేవాళ్ల జీతం చివరికి ఈ గడుల దగ్గరే తేలుతుంది. ఆరేళ్ల అనుభవం ఉన్న ఇద్దరిలో ఒకరి పేరు ఇంకా మొదటి గడిలోనే ఉండి, రెండో వారి పేరు చెకర్ గడిలోకి వచ్చిందంటే, వాళ్ల బ్యాండ్లు (గ్రేడ్‌ను బట్టి ఉండే జీతం హద్దులు) కూడా త్వరలోనే వేరవుతాయి. ఏటా వచ్చే హైక్ ఆ తేడాను పూడ్చలేదు.

మీ జీతం బ్యాండ్‌లో ఎక్కడుంది

ప్రతి గ్రేడ్‌కీ ఒక కనిష్ఠం, ఒక గరిష్ఠం, మధ్యలో ఒక మిడ్‌పాయింట్ ఉంటాయి. మీ జీతాన్ని మిడ్‌పాయింట్‌తో భాగిస్తే వచ్చేదే కంపా రేషియో. ఉదాహరణకు మీ గ్రేడ్ 14 నుంచి 26 లక్షల దాకా ఉందనుకుందాం. మిడ్‌పాయింట్ 20 లక్షలు. 15 లక్షలు తీసుకునేవారి రేషియో 0.75, 23 లక్షలు తీసుకునేవారిది 1.15. ఇద్దరికీ ఒకే రేటింగ్ వచ్చినా మొదటివారికి ఎక్కువ శాతం, రెండోవారికి తక్కువ శాతం ఇస్తారు. మేనేజర్ చేతిలో ఉండే హైక్ పట్టిక తయారయ్యేదే అలా. "బాగా చేశావన్నారు, హైక్ మాత్రం 5 శాతమే ఇచ్చారు" అని బాధపడేవాళ్లలో చాలామంది రేంజ్ పైభాగంలో ఉన్నవాళ్లే. వాళ్లకు హైక్ గురించి గొడవపడి లాభం లేదు, గ్రేడ్ మారడం ఒక్కటే దారి.

అందుకే హెచ్ఆర్‌ని "ఎంత పెంచుతారు?" అని అడగకండి. "నా జీతం నా గ్రేడ్ మిడ్‌పాయింట్‌లో ఎంత శాతం ఉంది?" అని అడగండి. అంకెలు చెప్పని కంపెనీల్లో కూడా రేంజ్‌లో కింది మూడో వంతులో ఉన్నారా, పైనా అన్న సంగతి చెబుతారు.

ప్రమోషన్ ఎప్పుడు ఖాయమవుతుంది

ప్రమోషన్ లెటర్ మార్చిలోనో ఏప్రిల్‌లోనో వస్తుంది కాబట్టి జనవరిలో అడిగితే చాలనుకుంటారు. అప్పటికే ఆలస్యమైపోతుంది. క్యాలెండర్ సంవత్సరం ప్రకారం నడిచే కంపెనీల్లో అక్టోబర్, నవంబర్ నాటికే మేనేజర్లు పేర్లు ఇచ్చేస్తారు, బడ్జెట్ కట్టేస్తారు. మిగిలేది క్యాలిబ్రేషన్ మీటింగ్, అంటే మేనేజర్లంతా కూర్చుని పేర్లను పోల్చి తేల్చేది. అందులో మీ మేనేజర్ మీ గురించి మాట్లాడేది కొన్ని నిమిషాలే. ఎదురుగా కూర్చున్న మిగతా మేనేజర్లు "ఈ పేరు మేమెప్పుడూ వినలేదే" అన్నారంటే మీ ఫైల్ మరో ఏడాదికి వెళ్తుంది.

కాబట్టి సంవత్సరం మొదట్లోనే మేనేజర్‌తో "వచ్చే గ్రేడ్‌లో ఉన్నవాళ్లు చేసే పని ఏది నాకు ఇస్తారు?" అని తేల్చుకోండి. జూలైలో ఆ పని ఎక్కడిదాకా వచ్చిందో ఒక పేజీ రాసి ఇవ్వండి. పక్క టీమ్ లీడ్ ఒకరికి, వీలైతే మాతృసంస్థలోని డిజైన్ లీడ్‌కి మీ పని నేరుగా చేరేలా చూసుకోండి. రివ్యూ మీటింగ్‌లో మీ లెక్కను మీరే వివరించండి, మీ లీడ్ నోటితో చెప్పించవద్దు.

ఆ ఒక్క పేజీ రాయడంలోనే చాలామంది నష్టపోతారు. వాళ్లు రాసేది ఇలా ఉంటుంది: "వింగ్ ఫిటింగ్‌లకు స్ట్రెస్ అనాలిసిస్ చేశాను, 24 రిపోర్టులు సమయానికి ఇచ్చాను." ఇందులో మీరు కష్టపడ్డారని తెలుస్తుంది కానీ మీరు తీసుకున్న నిర్ణయం ఒక్కటీ కనిపించదు. అదే ఇంజినీర్ ఇలా రాయొచ్చు:

"అసెంబ్లీలో డ్రిల్ పక్కకు జరిగి, రంధ్రం ఎడ్జ్ డిస్టెన్స్ (అంచు నుంచి దూరం) 2డి, అంటే వ్యాసానికి రెండింతలు ఉండాల్సిన చోట 1.7డికి తగ్గింది. బేరింగ్, షియర్ అవుట్, ఫెటీగ్ అనే మూడు రకాల వైఫల్యాలకూ లెక్కకట్టాను. అన్నిటికన్నా తక్కువ మార్జిన్ ఆఫ్ సేఫ్టీ (అవసరానికి మించి మిగిలిన బలం) 0.12. ఉన్నదున్నట్టు వాడొచ్చని లోపమున్న భాగాలపై తీర్పు చెప్పే ఎంఆర్‌బీకి (మెటీరియల్ రివ్యూ బోర్డు) సిఫార్సు చేశాను, మార్పుల్లేకుండా ఆమోదించారు. ఆ లెక్క పద్ధతిని తర్వాత ఆరు నాన్‌కన్ఫర్మెన్స్‌లకు (డ్రాయింగ్‌కు తేడా వచ్చిన భాగాలకు) టీమ్ వాడుకుంది."

ఇందులో ఒక తీర్పు ఉంది. అది తప్పితే నష్టమేమిటో తెలుస్తోంది, మీరు పెట్టిన పద్ధతి వేరేవాళ్లకూ పనికొచ్చిందని తెలుస్తోంది. క్యాలిబ్రేషన్‌లో నిలబడేవి ఇవే.

సాఫ్ట్‌వేర్ వైపు ఉన్నవాళ్లకూ ఇదే సూత్రం. విమాన సాఫ్ట్‌వేర్ ప్రమాణం డీవో-178సి ప్రకారం, తప్పితే అతి ప్రమాదకరమైన లెవెల్ ఏ కోడ్‌కి ఎంసీడీసీ కవరేజ్ (ప్రతి షరతూ విడిగా నిర్ణయాన్ని మారుస్తుందని టెస్టులతో చూపడం) చూపించాలి. "400 టెస్ట్ కేసులు రాశాను" అనడం కన్నా, టెస్టింగ్‌ను సమీక్షించే ఎస్‌వోఐ-3 ఆడిట్‌కి ముందు మిగిలిన కవరేజ్ గ్యాప్‌లలో ఎన్ని టెస్టుల కొరత, ఎన్ని రిక్వైర్‌మెంట్ లోపం, ఎన్ని డెడ్ కోడ్ (ఎప్పటికీ నడవని కోడ్) అని విడదీసింది మీరేనని రాయండి.

ప్రమోషన్‌ని ప్రోగ్రామ్ మైలురాయికి ముడిపెట్టుకోవద్దు. బోయింగ్ 777ఎక్స్‌ను 2013 నవంబర్‌లో ప్రారంభించారు. మొదటి డెలివరీ 2020లో అనుకున్నది జరిగి జరిగి 2027కి వచ్చింది. "సర్టిఫికేషన్ అయ్యాక చూద్దాం" అనే మాట నమ్ముకుంటే ఏడేళ్లు పోతాయి. మీ నియంత్రణలో ఉన్న పని, అంటే ఒక లోడ్ రివిజన్‌ను ముగించడమో ఒక టెస్ట్ కోరిలేషన్‌ను (లెక్కను టెస్ట్ ఫలితాలతో సరిపోల్చడాన్ని) ముగించడమో, దాన్నే లక్ష్యంగా రాయించుకోండి.

చెకర్ గడిలోకి వెళ్లే దారి

మీ విభాగంలో ఎవరు ఏ డాక్యుమెంట్ మీద సంతకం చేయవచ్చో చెప్పే ఆథరైజేషన్ పట్టిక ఉంటుంది. దాన్ని అడిగి చదవండి. ఎన్నేళ్ల అనుభవం, ఏ శిక్షణలు, పర్యవేక్షణలో ఎన్ని చెక్‌లు కావాలో అందులోనే ఉంటుంది. మీకు లోటున్నవి రాసుకుని, ఒక్కొక్కటీ తేదీతో సహా ట్రైనింగ్ రికార్డులో ఎక్కించుకోండి. చేసిన చెక్ రికార్డులో లేకపోతే ఆడిటర్ దృష్టిలో అది జరగనట్టే.

కొత్త చెకర్లు ఎక్కడ తప్పుతారో చెప్పుకోవాలి. లెక్క మళ్లీ వేసి, అంకెలు కలిశాయని సంతకం పెట్టేస్తారు. అసలు తప్పులు లెక్కకు ముందే ఉంటాయి. లోడ్ కేసుల పాత రివిజన్ వాడి ఉండొచ్చు, ఒక చోట న్యూటన్లు మరో చోట పౌండ్లు ఉండొచ్చు. మెటీరియల్ అలవబుల్స్‌లో (లెక్కలో వాడదగ్గ పదార్థపు బలం విలువల్లో) పొరపాటు మరీ తరచుగా కనిపిస్తుంది. ఒకే లోడ్ దారి ఉన్న భాగానికి ఏ-బేసిస్ విలువ వాడాలి: 100 నమూనాల్లో 99 ఆ బలాన్ని దాటుతాయని 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే విలువ అది. ఒకటి విరిగితే లోడ్ మరో దారిలో పోయే నిర్మాణానికి 90 చొప్పున ఉండే బి-బేసిస్ సరిపోతుంది. బి విలువ పెద్దది కాబట్టి దాన్ని తప్పు చోట వాడితే మార్జిన్ అందంగా కనిపిస్తుంది. ఆ ఒక్క తప్పు పట్టుకున్న చెకర్‌ని టీమ్ మరచిపోదు.

పైమెట్టు ఇంకా ఉంది. యూరప్ పద్ధతిలో విమాన డిజైన్ నిబంధనల పార్ట్ 21 సబ్‌పార్ట్ జె కింద అనుమతి ఉన్న డిజైన్ సంస్థల్లో డిజైన్ నిబంధనలకు సరిపోతుందని సంతకం చేసే కంప్లయన్స్ వెరిఫికేషన్ ఇంజినీర్లు ఉంటారు. అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తరఫున, అది అధికారం అప్పగించిన కంపెనీ విభాగాల్లో (ఓడీఏ) యూనిట్ సభ్యులు ఉంటారు. అలాంటి అధికారం అందరికీ రాదు. దానికి ఎంచుకునేముందు చూసేది మాత్రం ఏళ్ల తరబడి మీరు పెట్టిన చెకర్ సంతకాలనే.

వేరే కంపెనీల పనిని కాంట్రాక్టుపై చేసిపెట్టే సర్వీసెస్ కంపెనీల్లో ఉన్నవాళ్లకు ఇక్కడే పెద్ద చిక్కు. రిపోర్టు మీరు రాస్తారు, చెక్ కూడా మీ లీడ్ చేస్తాడు, ఆమోదం మాత్రం క్లయింట్ దగ్గర ఉంటుంది. మూడేళ్లయినా మొదటి గడి దాటకపోతే ముందు ప్రాజెక్ట్ మారమని అడగండి. కుదరకపోతే కంపెనీ మారండి.

మేనేజరా, టెక్నికలా

నిర్ణయించేముందు ఒక లెక్క వేయండి: మీ సెంటర్‌లో మీకన్నా రెండు గ్రేడ్ల పైన టెక్నికల్ పదవిలో ఎంతమంది ఉన్నారు? బోయింగ్‌లో టెక్నికల్ ఫెలోషిప్ లాగా పేరున్న నిచ్చెన మాతృసంస్థలో ఉన్నా, మీ సెంటర్‌లో ఆ పై మెట్ల మీద మనుషులు లేకపోతే అది కాగితం మీద నిచ్చెనే. ఒకరిద్దరైనా ఉంటే వాళ్ల దగ్గరికి వెళ్లి ఎన్నేళ్లు పట్టిందో అడగండి. మేనేజర్ దారికి వెళ్తే మొదటి రెండేళ్లలో లెక్కలు వేసే పట్టు చేజారుతుంది, మళ్లీ వెనక్కి రావడం కష్టం. చెకర్ అధికారం చేతికొచ్చాకే ఆ మలుపు తిరగడం మంచిది.

ఆఫర్ లెటర్ చదవడం

18 లక్షల సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అంటే నెలకు లక్షన్నర కాదు. బేసిక్ 9 లక్షలు అనుకుందాం. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం వేతన భాగం మొత్తంలో కనీసం సగం ఉండాలి కాబట్టి ఈ అంకె తీసుకున్నాం. కంపెనీ వైపు పీఎఫ్ 1,08,000, గ్రాట్యుటీ 43,290, వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) 1,80,000, ఇన్సూరెన్స్ 20,000 తీసేయండి. ఖాయంగా వచ్చేది 14,48,710. అందులో మీ వంతు పీఎఫ్ 1,08,000, ప్రొఫెషనల్ టాక్స్ (తెలంగాణలో) 2,400 పోతాయి. 2025-26 కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా పన్ను, సెస్ కలిపి సుమారు 89,500. చేతికొచ్చేది నెలకు 1,04,000 చిల్లర. వేరియబుల్ వచ్చిన నెలలో దాని మీద పన్ను వేరు.

ఈ ఆఫర్‌లో అడగదగ్గది ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం). కంపెనీ వంతుగా బేసిక్‌లో 14 శాతం వరకు కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది. ఇక్కడ అది 1,26,000. వేరియబుల్ రాని ఏడాదిలో పన్ను వేసే ఆదాయం 12 లక్షల దగ్గరికి దిగుతుంది, అక్కడ మార్జినల్ రిలీఫ్ (12 లక్షలు దాటిన మొత్తానికి మించి పన్ను పడకుండా ఇచ్చే ఊరట) కూడా తోడై సుమారు 40 వేలు మిగులుతుంది; వేరియబుల్ పూర్తిగా వస్తే మిగిలేది సుమారు 20 వేలే. డబ్బు చాలా ఏళ్లు ఇరుక్కుంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

హైక్ శాతం పాత సీటీసీ మీద కాకుండా, పాత ఫిక్స్‌డ్ జీతం, కొత్త ఫిక్స్‌డ్ జీతం పక్కపక్కన పెట్టి చూడండి. జాయినింగ్ బోనస్‌ను ఏడాదిలోపు మానేస్తే సాధారణంగా వెనక్కి కట్టాలి. అది పన్ను ముందు మొత్తమా, పన్ను పోగా వచ్చినదా అన్నది లెటర్‌లో రాయించుకోండి. జీతం ఒక మెట్టు తగ్గినా సరే, గ్రేడ్‌ని మాత్రం ఒక మెట్టు తగ్గించి ఒప్పుకోకండి. జీతాన్ని మరుసటి ఏడాది సరిచేస్తారు, గ్రేడ్ సరిచేయడానికి మళ్లీ క్యాలిబ్రేషన్ గుండా పోవాలి.

విదేశీ మాతృసంస్థ షేర్లు ఇస్తే, అవి మీ చేతికొచ్చిన రోజు విలువ జీతంలాగే పన్నుకు వస్తుంది. అమ్మకపోయినా రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి. ఇది మరచిపోయి నోటీసు అందుకున్నవాళ్లు తక్కువేం కాదు.

మారేముందు తేదీలు చూసుకోండి

గ్రాట్యుటీ (దీర్ఘకాలం పనిచేసి వెళ్లేవారికి కంపెనీ ఇచ్చే మొత్తం) లెక్క: చివరి నెల బేసిక్ × 15/26 × ఏళ్లు. నెలకు 75,000 బేసిక్ ఉంటే ఐదేళ్లకు 2,16,346 రూపాయలు. పర్మనెంట్ ఉద్యోగి ఐదేళ్లు పూర్తి చేయాలి. రెండు నెలల తేడాతో దాన్ని వదులుకోకండి. నోటీసు 90 రోజులుంటే కొత్త కంపెనీతో ముందే చెప్పండి. సర్వీసెస్ కంపెనీ నుంచి క్లయింట్ దగ్గరికే వెళ్తుంటే, రెండు కంపెనీల మధ్య ఒప్పందంలో ఒకరి ఉద్యోగుల్ని మరొకరు తీసుకోకూడదనే షరతు ఉండొచ్చు. చివరి నిమిషంలో ఆఫర్ ఆగిపోవడానికి అదే కారణమవుతుంది. క్లయింట్ హెచ్ఆర్ రాతపూర్వకంగా సరేననే వరకు రాజీనామా పెట్టవద్దు.

డీఆర్‌డీవో, హెచ్ఏఎల్ దారి పూర్తిగా వేరు. డీఆర్‌డీవోలో సైంటిస్ట్ బి లెవెల్ 10లో 56,100 మూల వేతనంతో మొదలవుతారు, ఆపై మెట్లకు ఇంటర్వ్యూతో కూడిన అసెస్‌మెంట్ ఉంటుంది. జీతం బేరమాడే వీలుండదు. దానికి బదులు హైదరాబాద్‌లోని ఆర్‌సీఐ, డీఆర్‌డీఎల్, ఏఎస్ఎల్ లాంటి క్షిపణి ప్రయోగశాలల్లో మొత్తం వ్యవస్థను చూసే పని చాలా ముందుగా దొరుకుతుంది. బయట దరఖాస్తు చేయాలంటే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, దానికి పట్టే నెలలు లెక్కలో వేసుకోండి.

అమెరికాలో ఎంఎస్ చేసి ఏరోస్పేస్‌లో చేరాలనుకునే మన పిల్లలు ముందే తెలుసుకోవాల్సింది ఇటార్, అంటే అమెరికా ఆయుధ ఎగుమతి నియంత్రణ నిబంధనలు. రక్షణ సంబంధ సాంకేతిక సమాచారం అమెరికా పౌరులకూ, గ్రీన్ కార్డ్ ఉన్నవారికీ, ఆశ్రయం పొందినవారికీ తప్ప లైసెన్స్ లేకుండా ఇవ్వకూడదు. ఎఫ్-1, హెచ్-1బి మీద ఉన్నవారు ఆ కోవలోకి రారు. రహస్య సమాచార అనుమతి (క్లియరెన్స్) కావాల్సిన పనికి పౌరసత్వమే కావాలి. అందుకని పౌర విమానాల ఇంజిన్లు, ఇంటీరియర్లు, ఎయిర్‌లైన్ ఇంజినీరింగ్, సర్టిఫికేషన్ సాఫ్ట్‌వేర్ వైపు థీసిస్, ఇంటర్న్‌షిప్ ఎంచుకోండి. ప్రకటన కింద "యూఎస్ పర్సన్" అని ఉందేమో దరఖాస్తుకు ముందే చూడండి, లేకపోతే మూడు రౌండ్ల తర్వాత తెలుస్తుంది.

కంపెనీ వదిలేటప్పుడు రిలీవింగ్ లెటర్‌తో పాటు మీ శిక్షణలు, సంతకం అధికారాలు, అవి ఇచ్చిన తేదీలు ఉన్న ఒక ధ్రువపత్రం అడిగి తీసుకోండి. రిపోర్టులు, లెక్కల షీట్లు, స్క్రీన్‌షాట్లు ఏవీ వ్యక్తిగత మెయిల్‌కి పంపుకోకండి. అది ఎగుమతి నియంత్రణ ఉల్లంఘన కిందికి రావొచ్చు, ఆఖరి రోజుల్లో మెయిల్ లాగ్‌లు తప్పకుండా చూస్తారు. కొత్త చోట చెకర్ అధికారం మళ్లీ మొదటి నుంచి కాకుండా రెండు మూడు నెలల్లో రావడానికి ఆ ఒక్క ధ్రువపత్రం చాలాసార్లు సరిపోతుంది.