కాటా బరువు కంప్యూటర్‌లోకి రావట్లేదా?

రైస్ మిల్లులోనో గోడౌన్‌లోనో కాటాని కంప్యూటర్‌కి కలిపేవాళ్లకు ఒక మాట. నేరుగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టకండి. ముందు పుట్టీ లాంటి ఉచిత ప్రోగ్రామ్ తెరిచి, సీరియల్ ఎంచుకుని, విండోస్ డివైస్ మేనేజర్‌లో కనిపించే కామ్ పోర్టు (కాటా కేబుల్ పెట్టిన పోర్టు) నంబరు ఇవ్వండి. అక్కడ బరువు సరిగ్గా కనిపిస్తే కేబులూ కాటా రెండూ బాగున్నట్టే. ఇక చూడాల్సింది సాఫ్ట్‌వేర్ సెట్టింగులే.

తెర మీద పిచ్చి గుర్తులు వస్తుంటే వైర్ల జోలికి పోవద్దు. చాలాసార్లు బాడ్ రేటు, అంటే డేటా పంపే వేగం, రెండువైపులా కలవకపోవడమే కారణం. ఇండికేటర్ (కాటా బరువు చూపించే డబ్బా) మెనూలో 2400 ఉంటే పుట్టీలోనూ 2400, 9600 ఉంటే 9600. ఒక్కోసారి 0, 3, 5, 6, 9 సరిగ్గా వస్తాయి, 1, 2, 4, 7, 8 దగ్గర మాత్రం చెత్త పడుతుంది. అది పారిటీ (తప్పులు పట్టడానికి పంపే అదనపు బిట్) గొడవ. 8 బిట్లు తీసేసి 7 బిట్లు, ఈవెన్ పారిటీ పెట్టండి.

అసలేమీ రాకపోతే, ప్రింట్ బటన్ నొక్కితేనే పంపే మోడ్‌లో ఉందేమో చూసి కంటిన్యువస్‌కి మార్చండి. అప్పటికీ రాకపోతే 9 పిన్నుల కనెక్టర్‌లో ఒకవైపు 2, 3 వైర్లు తారుమారు చేయండి. 5 గ్రౌండ్, దాన్ని కదపొద్దు.

యూఎస్‌బీ కన్వర్టర్‌ని ఎప్పుడూ ఒకే సాకెట్‌లో పెట్టండి. సాకెట్ మారితే కామ్ నంబరూ మారిపోవచ్చు, అవతల లారీ కాటా మీద ఉండగా మీకు టెన్షన్. ఆఫీసు 15 మీటర్లు దాటితే ఆర్‌ఎస్-232 (ఈ మామూలు సీరియల్ కనెక్షన్) నమ్ముకోకుండా, దూరానికి పనికొచ్చే ఆర్‌ఎస్-485 కన్వర్టర్లు వేయించండి.

అన్నట్టు, బిల్లింగ్ తెరిచే ముందు పుట్టీ మూసేయండి. పోర్టు ఒకసారికి ఒక్క ప్రోగ్రామ్‌కే.