ఖరీఫ్ అమ్మకాలకు ముందు విత్తన డీలర్ల జాగ్రత్తలు

ఆదోని, ఎమ్మిగనూరు షాపుల్లో పత్తి విత్తనం జూన్‌లో అమ్ముడుపోతుంది. మొలక రాలేదన్న గొడవ పది, పదిహేను రోజుల్లో బయటపడుతుంది. కాయ పట్టలేదన్న గొడవ దసరా దాటాక వస్తుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. అప్పటికి మీ చేతిలో మిగిలేవి జూన్‌లో రాసిన కాగితాలే.

ముందు బిల్లు సంగతి. రైతు పేరు, ఊరు, రకం, కంపెనీ, లాట్ నంబరు (ఒకే విడత విత్తనానికి కంపెనీ వేసే నంబరు), గడువు తేదీ, ప్యాకెట్లెన్ని, ధర రాసి సంతకం తీసుకోండి. రద్దీలో అందరూ వదిలేసేది లాట్ నంబరే. ఒకే రకం మూడు లాట్లలో దిగితే, చెడిన లాట్ ఈ రైతుకు అమ్మలేదని దేంతో చూపిస్తారు? ఇక తెల్లచీటీ రాసిచ్చి బిల్లు ఎగ్గొడితే, ఆ 2019 చట్టం కింద అది అనుచిత వ్యాపార పద్ధతి.

ప్రతి లాట్‌లో సీలు విప్పని ప్యాకెట్ ఒకటి పొడిచోట, పురుగుమందులకు దూరంగా దాచండి. వాన లేక మొలవనిదీ, విత్తనం చెడి మొలవనిదీ పైకి ఒకేలా కనిపిస్తాయి. శనక్కాయకు మొలక కనీసం 70 శాతం ఉండాలి. ల్యాబ్‌లో తేల్చుకోవడానికి మీకు ఆ ప్యాకెట్టే దిక్కు. రైతు శాంపిల్ దాచలేదని వాదించి లాభం లేదు. విత్తనమంతా చల్లేసే రైతు నుంచి అది ఆశించకూడదని 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విత్తన చట్టం వేరే ఉంది గనక వినియోగదారుల కమిషన్‌కు పనిలేదన్న వాదనా అక్కడే వీగిపోయింది.

నోరు కూడా జాగ్రత్త. కంపెనీ ఇవ్వని దిగుబడి హామీ మీరిస్తే, అది తప్పినప్పుడు బాధ్యత మీదే. వాట్సాప్ స్టేటస్ కూడా సాక్ష్యమే. డీలర్లంతా కూర్చుని ఒకే రేటు అనుకోవడం వ్యాపారంలో పోటీని దెబ్బతీయకుండా చూసే కాంపిటీషన్ చట్టం కిందికి వస్తుంది, అది సంఘం తీర్మానమైనా సరే.

పంట చూడ్డానికి వ్యవసాయాధికారి వస్తే పొలానికి మీరూ వెళ్లండి. విత్తిన తేదీ, లోతు, తేమ, మండల వర్షపాతం రిపోర్టులో రాయమని అడగండి.

కమిషన్ నుంచి నోటీసు వస్తే కవరు పారేయొద్దు. ఫిర్యాదు కాపీతో సహా అందిన రోజు నుంచి కౌంటరుకు, అంటే రాతపూర్వక జవాబుకు, 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15. 46వ రోజు తెచ్చిన కౌంటరు తీసుకునే అధికారం కమిషన్‌కు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. వకీలు దొరకలేదన్నా కుదరదు. బళ్లారి, రాయచూరు రైతులకు అమ్మేవాళ్లకు ఇంకో మాట: రైతు తానుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, మీరు అక్కడికి తిరగాల్సిందే.

కేసు డీలరు ఒక్కడి మీదే వేసుంటే, కంపెనీని పార్టీగా చేర్చమని వెంటనే అర్జీ పెట్టించండి. అందుకు కొనుగోలు ఇన్వాయిస్, దాని మీద కంపెనీ చిరునామా కావాలి. తయారీదారు ఎవరో తెలియకపోయినా, నోటీసు అందజేయలేకపోయినా ఆ బాధ్యత అమ్మినవాడి మీదికే వస్తుంది.