బరంపురం మేడ మీద సోలార్, పెరట్లో హీట్ పంప్: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

బరంపురంలో ఇళ్ళకు వైరింగు చేసే పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. ఇప్పుడు నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ సోలార్ గురించే. "ఎన్ని కిలోవాట్లు పెట్టించమంటారు?" అన్నది అందరి మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు కంపెనీ కాగితంలో దొరకదు, మీ కరెంటు బిల్లుల్లోనూ మీ మేడ మీదా దొరుకుతుంది. అందుకే పన్నెండు నెలల బిల్లులు తీసి పెట్టమని అడుగుతాను. మే నెల బిల్లు ఒక్కటే చూసి లెక్క కడితే అవసరానికి మించి కొంటారు, జనవరి బిల్లు చూసి కడితే చాలకుండా పోతుంది.

లెక్క కష్టమైనదేమీ కాదు. ఒక కిలోవాట్ సోలార్ ఏడాది సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, అంటే నెలకు 120. నెలకు 240 యూనిట్లు వాడే ఇంటికి 2 కిలోవాట్లు సరిపోతుంది. కిలోవాట్‌కు నీడ పడని చోటు దాదాపు 10 చదరపు మీటర్లు కావాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కింద కేంద్రం 2 కిలోవాట్లకు 60,000 రూపాయలు, 3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయలు రాయితీ ఇస్తోంది. రాయితీ కావాలంటే ప్యానెళ్ళలో వాడిన సెల్స్ (ఎండను కరెంటుగా మార్చే పలచటి బిళ్ళలు) కూడా మన దేశంలో తయారైనవే కావాలి. ఆ మాట కొటేషన్‌లోనే రాయించుకోండి.

ఇక నీడ. పాత వీధుల్లో మన ఇళ్ళు సన్నగా, పొడవుగా, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పక్కింటివారు ఒక అంతస్తు పెంచితే మీ మేడ సగం రోజు నీడలో పడుతుంది. ఎండాకాలంలో చూస్తే నీడ తెలియదు. డిసెంబరు 21న మధ్యాహ్నం కూడా మన ఊళ్ళో సూర్యుడు దక్షిణం వైపు 47 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మీటరు ఎత్తు పిట్టగోడ అప్పుడు దాదాపు మీటరు పొడవు నీడ వేస్తుంది, ఉదయం, సాయంత్రం ఇంకా ఎక్కువ. వరుసలో ఒక ప్యానెల్ మీద నీటి ట్యాంకు నీడ పడినా ఆ వరుస మొత్తం దిగుబడి తగ్గవచ్చు. కాబట్టి ట్యాంకును ఉత్తరం వైపుకు జరిపించండి. అది ప్లంబరుకు ఒక పూట పని, ప్యానెళ్ళు బిగించాక అయితే చాలా పెద్ద పని.

అప్పడాలు, వడియాల సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. మన ఊరి అప్పడాలకు, పచ్చళ్ళకు పేరుంది, వాటిని ఆరబెట్టేది మేడల మీదే. పెద్దబజారులో ఒక ఇంట్లో కొలతలు తీస్తుంటే పెద్దావిడ పైకి వచ్చి, "ఇవన్నీ పరిచేస్తే నా అప్పడాలు ఎక్కడ ఆరబెట్టుకోను బాబూ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న అది. ఆ ఇంటికి ఏడాదంతా కాస్త రాబడి ఆ మేడ మీది ఎండ నుంచే వస్తుంది. ఇలాంటిచోట చాలామంది ప్యానెళ్ళను ఏడెనిమిది అడుగుల ఎత్తున పందిరిలా కట్టిస్తారు. నేను ఒప్పుకోను. "పిన్నిగారూ, తూర్పు వైపు మీ చాపలకు వదిలేద్దాం, ఒక కిలోవాట్ తగ్గిద్దాం" అన్నాను. పందిరి వద్దనడానికి కారణం గాలి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాం జిల్లాలను కుదిపేసింది. 200 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరు మీద దాదాపు 190 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. ఒక్కో ప్యానెల్ రెండున్నర చదరపు మీటర్లు ఉంటుంది, బరువు దాదాపు 30 కిలోలే. గాలి కిందినుంచి దూరితే దాన్ని పట్టి ఉంచేది నాలుగు బోల్టులూ వాటి కింది కాంక్రీటూ మాత్రమే. అందుకని ప్యానెళ్ళు శ్లాబుకు దగ్గరగా, 10 నుంచి 15 డిగ్రీల వాలుతో, దక్షిణ ముఖంగా పెట్టించండి. అక్షాంశాన్ని బట్టి 19 డిగ్రీల వాలు ఉండాలని పుస్తకం చెబుతుంది. వాలు తగ్గితే పోయే యూనిట్లు చాలా కొద్ది, గాలి దెబ్బ మాత్రం బాగా తగ్గుతుంది. కింద అర అడుగు సందు ఉంచండి, వేడెక్కిన ప్యానెల్‌కు గాలి తగలాలి. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ దాని దిగుబడి 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. మేడ అంచుల్లో, మూలల్లో గాలి లాగుడు ఎక్కువ కనుక అక్కడ ప్యానెళ్ళు వద్దు.

కాంక్రీటు దిమ్మెను శ్లాబు మీద ఊరికే పెట్టి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. దిమ్మెలో ఇనుప చువ్వలు ఉండాలి, అవి శ్లాబులోకి రసాయన జిగురుతో దిగి ఉండాలి, చుట్టూ వాన నీరు దిగకుండా పూత వేయాలి. దిమ్మెలు పోసే రోజు మీరు మేడ మీద ఉండండి. ఇది చాలా గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఎగిరిపోయిన ప్యానెల్ మీ నష్టంతో ఆగదు, పక్క వీధిలో ఎవరి ప్రాణం మీదికైనా వస్తుంది. సముద్రం పక్కనే కాబట్టి ఇనుము వేడి జింకులో ముంచినదై ఉండాలి, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి. ఎర్తింగు రాగి తీగను అల్యూమినియం ఫ్రేముకు నేరుగా చుట్టనివ్వకండి. ఉప్పు గాలికి ఆ రెండు లోహాలూ కలిసిన చోట అల్యూమినియం తినేసుకుపోతుంది. మధ్యలో తగరం పూత లగ్గు (తీగ చివర బిగించే బిళ్ళ), స్టీలు వాషరు పెట్టించండి.

ఇంకొక సంగతి ముందే తెలుసుకోండి. మిగిలిన కరెంటును లైనుకు పంపి బిల్లులో తగ్గించుకునే మామూలు నెట్ మీటర్ సోలార్, వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్ళకు షాకు తగలకుండా అలా తయారుచేశారు. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు రాని మన ప్రాంతంలో కనీసం ఫ్యాన్లు, దీపాలు, మోటారు నడవాలంటే సోలార్‌తోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు, లిథియం బ్యాటరీ కావాలి. బ్యాటరీకి రాయితీ రాదు. ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళుంటే ఆ ఖర్చుకు వెనకాడకండి.

ఇప్పుడు వేడి నీళ్ళ సంగతి. 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 55కు కాచడానికి గీజరు మూడున్నర యూనిట్లు తింటుంది. అదే పని హీట్ పంప్ సుమారు 1.2 యూనిట్లతో చేస్తుంది. ఫ్రిజ్ లోపలి వేడిని వెనకవైపు వదిలినట్టే, ఇది బయటి గాలిలోని వేడిని లాగి నీటికి ఇస్తుంది. చలికాలంలోనూ మన ఊరి గాలి దానికి చాలినంత వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఒక కుటుంబానికి గాలి నుంచి వేడి తీసే యంత్రం చాలు, భూమిలో బోర్లు వేయనక్కర్లేదు. పెరట్లో వానకు తడవని చోట పెట్టించి మధ్యాహ్నం నడిచేలా టైమరు పెట్టండి. గాలి వెచ్చగా ఉన్నప్పుడు అది తక్కువ కరెంటుతో పనిచేస్తుంది, పైన సోలార్ కూడా అప్పుడే నిండుగా ఉంటుంది. మంచి ట్యాంకులో నీళ్ళు మర్నాడు పొద్దున స్నానాల దాకా వేడిగానే ఉంటాయి.

భూమి వేడిని వాడటం అనగానే మనవాళ్ళకు మన దగ్గరి వేడి నీటి ఊట తప్తపాని గుర్తుకొస్తుంది. అది వేరు. వేడి ఊటలు కొన్ని చోట్లే ఉంటాయి. తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ అలాంటి వేడి నీటితో 20 కిలోవాట్ల చిన్న కేంద్రం కట్టింది. భూ తాప పంపుకు, అంటే గాలికి బదులు నేలలో దింపిన పైపులతో వేడిని ఇచ్చిపుచ్చుకునే హీట్ పంప్‌కు, అంత వేడి అక్కర్లేదు, నేల ఏడాదంతా ఒకే తీరుగా ఉంటే చాలు. పది మీటర్ల లోతున మన నేల ఎప్పుడూ 27, 28 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మీ ఇంట్లో పాత బావి ఉంటే మే నెల మిట్టమధ్యాహ్నం లోతు నుంచి ఒక చేద నీళ్ళు తోడి, వెంటనే థర్మామీటరు ముంచి చూడండి. బయట గాలి 38 ఉంటే చేదలో పది డిగ్రీల దాకా తక్కువ కనిపిస్తుంది. గదిలోంచి లాగిన వేడిని ఏసీ 38 డిగ్రీల గాలిలోకి తోయాలంటే ఎక్కువ శ్రమ, 28 డిగ్రీల నేలలోకి తోయాలంటే తక్కువ. భూ తాప పంపు పొదుపంతా ఈ తేడాలోనే ఉంది.

అయితే ఈ పొదుపు నర్సింగ్ హోములకు, హాస్టళ్ళకు, గోపాల్‌పూర్ హోటళ్ళకు. రోజంతా ఏసీ నడవాలి, రోజంతా వేడి నీళ్ళూ కావాలి, అప్పుడే బోర్ల ఖర్చు తిరిగి వస్తుంది. ఒక టన్ను ఏసీకి సుమారు 60 నుంచి 90 మీటర్ల బోరు పడుతుంది, బోరుకూ బోరుకూ మధ్య కనీసం ఆరు మీటర్లు వదలాలి. అందులో హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ పైపును యూ ఆకారంలో దింపి, నీటి ఒత్తిడితో కారడం లేదని తేల్చుకుని, ఆ తర్వాతే బెంటొనైట్ అనే ఉబ్బే బంకమట్టి కలిపిన ముద్దతో నింపాలి. నింపేశాక కారితే ఆ బోరు పోయినట్టే. తూర్పు కనుమల గట్టి రాయి తగిలితే డ్రిల్లింగు ఖరీదు పెరుగుతుంది కానీ, పొడి మట్టికంటే ఆ రాయి వేడిని బాగా లాక్కుంటుంది.

మన దగ్గర చలికాలపు హీటర్లు లేవు కనుక ఏడాదంతా నేలలోకి వేడి తోస్తూనే ఉంటాం. కొన్నేళ్ళకు బోర్ల చుట్టూ నేల వేడెక్కి పొదుపు తగ్గిపోతుంది. గదుల్లోంచి తీసిన వేడిని ముందు స్నానాల ట్యాంకుకు పంపి, మిగిలినదే నేలకు వదిలేలా పైపులు వేయించండి. ఆసుపత్రి ట్యాంకులో నీళ్ళు 60 డిగ్రీలకు తగ్గకూడదు, తగ్గితే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరుగుతుంది.

ప్యానెళ్ళను తెల్లవారుజామున, ఎండెక్కక ముందే కడగండి. బోరు నీళ్ళు ఆరితే తెల్లటి మచ్చలు పడతాయి, మెత్తని గుడ్డతో తుడిచేయండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు బోల్టులు సరిచూసి, మేడ మీద విడి వస్తువులన్నీ కిందికి దింపి, ముందు ఇన్వర్టరు నుంచి ఇంటి లైనుకు వెళ్ళే స్విచ్చు (దాని మీద ఏసీ అని ఉంటుంది, గది చల్లబరిచే ఏసీ కాదు), తర్వాత ప్యానెళ్ళ నుంచి ఇన్వర్టరుకు వచ్చే డీసీ స్విచ్చు ఆపండి. స్విచ్చు ఆపినా వెలుతురు ఉన్నంతసేపూ ప్యానెల్ తీగల్లో కరెంటు ఉంటుంది. తుపాను వెళ్ళాక పగిలిన ప్యానెల్ గానీ తెగిన తీగ గానీ కనిపిస్తే మీరు ముట్టుకోకండి, పిల్లల్ని పైకి పంపకండి, బిగించిన మనిషిని పిలవండి.