పోటీ డేటాబేస్ కంపెనీకి మారుతున్నారా? పేపర్లు పెట్టే ముందే ఈ జాగ్రత్తలు

ఏప్రిల్‌లో బోనస్ అకౌంట్లో పడగానే పేపర్లు పెట్టేవాళ్లు వరస కడతారు. మామూలుగా ఉద్యోగం మారడం వేరు, డేటాబేస్ ఇంజిన్ (డేటాను దాచి, అడిగినప్పుడు తీసిచ్చే సాఫ్ట్‌వేర్) తయారుచేసే కంపెనీ నుంచి దానితో నేరుగా పోటీపడే కంపెనీకి వెళ్లడం వేరు. ఈ రెండో రకంలో ఒక్క ఫైలు వెంట తీసుకెళ్లినా అది కాపీరైట్ దావా దాకా పోవచ్చు. అప్పుడు చిక్కుల్లో పడేది మీరొక్కరే కాదు, మిమ్మల్ని నమ్మి తీసుకున్న టీమ్ మొత్తం.

నేను అలా మారినప్పటి చివరి వారం నాకింకా బాగా గుర్తుంది. నాలుగేళ్లలో రాసుకున్న స్క్రిప్టులన్నీ ఒక ఫోల్డర్‌లో ఉండేవి: లాగ్‌లు చదివేది ఒకటి, లాక్ వెయిట్‌లు (ఒకే డేటా కోసం ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరు ఆగడం) పరీక్షించేది ఒకటి, డిస్క్ పేజీని, అంటే డిస్క్‌లో డేటా దాచే ముక్కని, విప్పి చూపించేది ఒకటి. అన్నీ జిప్ చేసి పర్సనల్ మెయిల్‌కి అటాచ్ చేస్తుంటే పక్క సీటు సీనియర్ చూశాడు.

"ఏంటి తమ్ముడూ అది?"

"ఏం లేదన్నా, నా స్క్రిప్టులే."

"నీ స్క్రిప్టులైతే కంపెనీ మెషీన్‌లో, కంపెనీ టైమ్‌లో ఎందుకు రాశావు?"

జవాబు చెప్పలేక జిప్ తీసేశాను. ఆ పేజీ స్క్రిప్టులో ఇంజిన్ హెడర్ ఫైల్‌లోని స్ట్రక్చర్లు, అంటే కంపెనీ సొంత కోడ్ ముక్కలు, ఉన్నవి ఉన్నట్టుగా అతికించి పెట్టుకున్నానని ఆ రాత్రి గుర్తొచ్చింది. నిద్రపట్టలేదు. ఆ మెయిల్ పంపి ఉంటే, కొత్త కంపెనీలో మొదటి బగ్ వచ్చిన రోజే దాన్ని తెరిచేవాణ్ని.

ఒక్క మనిషి తెచ్చిన ఫైళ్లు

ఈ విషయంలో అందరూ తెలుసుకోవాల్సిన కేసు అమెరికాలో జరిగిన కంప్యూటర్ అసోసియేట్స్, ఆల్టాయ్ కంపెనీలది. అది డేటాబేస్ కాదు, మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్లో జాబ్‌లు ఏ వరసలో నడవాలో చూసే షెడ్యూలర్. అయినా మన పరిస్థితికి సరిగ్గా సరిపోతుంది. 1984లో కంప్యూటర్ అసోసియేట్స్ ప్రోగ్రామర్ ఒకాయన పోటీ కంపెనీ ఆల్టాయ్‌లో చేరాడు. వస్తూ వస్తూ పాత కంపెనీ 'అడాప్టర్' అనే ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ రెండు వెర్షన్లు వెంట తెచ్చుకున్నాడు. తీసుకెళ్లనని ఉద్యోగ ఒప్పందంలో సంతకం పెట్టినవాడే. ఆ కోడ్ పక్కన పెట్టుకుని మూడు నెలల్లో 'ఆస్కార్' అనే కొత్త ప్రోగ్రామ్ రాసిచ్చాడు. అందులో దాదాపు 30 శాతం పాత కంపెనీ కోడే. ఆల్టాయ్‌లో ఇంకెవరికీ ఆ సంగతి తెలియదు. 1988లో కోర్టు కాగితాలు వచ్చాకే తెలిసింది.

తెలిశాక ఆల్టాయ్ ఏం చేసిందో చూడండి. అడాప్టర్ కోడ్‌ని తాళం వేసి దాచారు. ఏయే భాగాలు కాపీ అయ్యాయో ఆ ప్రోగ్రామర్‌తోనే చెప్పించుకుని, ఆ తర్వాత అతన్ని ఆ పనికి పూర్తిగా దూరం పెట్టారు. పాత కోడ్ ఎప్పుడూ చూడని ఎనిమిది మంది ప్రోగ్రామర్లతో ఆరు నెలల్లో ఆ భాగాలన్నీ మళ్లీ రాయించారు. మొదటి వెర్షన్‌కి 3,64,444 డాలర్లు నష్టపరిహారం కట్టాల్సి వచ్చింది. యాజమాన్యానికి తెలియకపోవడం ఆ బాధ్యతను తప్పించలేదు. తిరగరాసిన వెర్షన్ మీద మాత్రం ఆల్టాయ్ గెలిచింది, 1992లో అప్పీల్ కోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది.

కాబట్టి వెళ్లేవాళ్లు నోటీస్ పీరియడ్ మొదలయ్యాక ఏదీ డౌన్‌లోడ్ చేయకండి, పెన్ డ్రైవ్ పెట్టకండి, డిజైన్ డాక్యుమెంట్‌ని ఫోన్‌తో ఫొటో తీయకండి. ఇంటి కంప్యూటర్లో పాత కంపెనీ కోడ్ కాపీ (రిపాజిటరీ క్లోన్) ఉంటే మీ అంతట మీరే చెరిపేయకుండా ముందు మేనేజర్‌కి మెయిల్ పెట్టి, వాళ్లు చెప్పినట్టు తీసేయండి. తీసేశానని రాతపూర్వకంగా జవాబు పెట్టండి. ఎవరికీ చెప్పకుండా చెరిపేస్తే రేపు అది సాక్ష్యం మాయం చేసినట్టుగా కనిపిస్తుంది. వాట్సాప్‌లో టీమ్ గ్రూపుకి పంపుకున్న కోడ్ ముక్కలు, గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ అయిన నోట్సు కూడా ఇందులోకే వస్తాయని మర్చిపోవద్దు.

ఉద్యోగంలోకి తీసుకునేవాళ్లు, కొత్త మనిషి చేరిన మొదటి రోజే "పాత చోటు నుంచి ఏదీ తేలేదు" అని సంతకం పెట్టించుకుంటారు. అది మాత్రమే చాలదని నా గట్టి అభిప్రాయం. ఆల్టాయ్‌కి వచ్చిన మనిషి కూడా సంతకాలు పెట్టినవాడే కదా. పాత కంపెనీలో ఏ మాడ్యూల్ రాశాడో, ఇక్కడ కనీసం మొదటి ఏడాది దానికి సమానమైన మాడ్యూల్ అతనికి ఇవ్వకండి. అక్కడ క్వెరీ ఆప్టిమైజర్ (ప్రశ్నకు త్వరగా జవాబు తెచ్చే దారి వెతికే భాగం) రాసిన అమ్మాయికి ఇక్కడ రెప్లికేషన్ (డేటాని వేరే సర్వర్లకి కాపీ చేసే భాగం) ఇవ్వండి. మూడు నెలల్లో పూర్తికాదనుకున్న పని మూడు వారాల్లో వస్తే శభాష్ అనే ముందు, ఎలా చేశారో పక్కన కూర్చుని అడగండి.

"నేను రాసిందే కదా" అనుకోవద్దు

భారత కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కి హక్కుదారు యజమానే. రాసింది మీ వేళ్లే అయినా కోడ్ మీది కాదు. ఒరాకిల్, గూగుల్‌ల జావా కేసులో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. జావా ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసిన సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉండగా ఒక ఇంజనీరు 'రేంజ్‌చెక్' అనే తొమ్మిది లైన్ల ఫంక్షన్ రాశాడు. తర్వాత గూగుల్‌కి వెళ్లాడు. అవే తొమ్మిది లైన్లు ఆండ్రాయిడ్‌లో కనిపించాయి. సన్‌ని కొన్న ఒరాకిల్ వాటిని కోర్టులో చూపించింది, 2012లో జ్యూరీ ఉల్లంఘనే అంది. కోటికి పైగా లైన్ల మధ్య తొమ్మిది లైన్లు, అదీ రాసినవాడే మళ్లీ వాడినవి.

ఒకప్పుడు మీరు రాసిన ఫంక్షన్ గుర్తుండటం తప్పు కాదు. అయితే అదే పేర్లతో, అదే వరసలో, అవే కామెంట్లతో చేతిలోంచి వస్తుంటే ఒకసారి ఆగండి. సమస్యను కాగితం మీద మొదటినుంచి రాసుకుని, ఇంకొకరితో చర్చించి, అప్పుడు కోడ్ చేయండి. మన దేశంలో తెలిసి కాపీరైట్ ఉల్లంఘించడం నేరం కూడా, సెక్షన్ 63 కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇది సివిల్ దావాతో పోయే విషయమని ధీమాగా ఉండకండి.

అచ్చం వాళ్లలాగే పనిచేసేది తయారుచేస్తుంటే

ఫాక్స్‌ప్రో పేరు వింటే మనలో చాలామందికి 90ల కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు గుర్తొస్తాయి. డీబేస్ అనే పాత డేటాబేస్ ప్రోగ్రామ్ కమాండ్లు తెలిసినవాళ్లు ఫాక్స్‌లోకి తేలిగ్గా వచ్చేవాళ్లు, ఎందుకంటే అది డీబేస్ భాషనే మాట్లాడేది. డీబేస్ యజమాని ఆష్టన్-టేట్ 1988లో ఫాక్స్ సాఫ్ట్‌వేర్ మీద దావా వేసింది. 1990 డిసెంబర్‌లో జడ్జి ఎవరూ ఊహించని విధంగా ఆష్టన్-టేట్ కాపీరైట్‌నే కొట్టేశారు. డీబేస్‌కి మూలం నాసా వారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో పుట్టిన పబ్లిక్ డొమైన్ (ఎవరి కాపీరైట్ లేని) ప్రోగ్రామ్ అని రిజిస్ట్రేషన్‌లో చెప్పకపోవడం అందుకు కారణం. నాలుగు నెలల తర్వాత అదే జడ్జి ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. 1991లో ఆష్టన్-టేట్‌ని బోర్లాండ్ కొనేసింది, ఆ దావాను వదులుకుంటేనే అమెరికా ప్రభుత్వం ఆ కొనుగోలుకి ఒప్పుకుంది.

దీన్నుంచి స్టార్టప్ పెట్టేవాళ్లు ఒక పని నేర్చుకోవాలి. మీ కోడ్‌లో ప్రతి పెద్ద ముక్క ఎక్కడినుంచి వచ్చిందో మొదటి రోజునుంచే రాసిపెట్టండి. రేపు మీరు ఇంకొకరి మీద దావా వేసినా, ముందు మీ పుట్టుపూర్వోత్తరాలే తవ్వుతారు.

ఎదుటివాళ్ల డేటాబేస్‌తో కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం సంపాదించడం, ప్రోగ్రామ్ ఎలా నడుస్తుందో గమనించి దాని వెనకున్న ఆలోచన తెలుసుకోవడం మన సెక్షన్ 52లో మినహాయింపులే. కాకపోతే అవి చట్టబద్ధంగా కాపీ ఉన్నవాళ్లకే. బయటికొచ్చిన మాన్యువల్స్ చూసి రాయండి, టెస్టులు మీరే రాసుకోండి. ఎవరు ఏ పేజీ చదివి ఏ ఫంక్షన్ రాశారో తేదీతో నోట్ చేయండి. 2021లో అమెరికా సుప్రీంకోర్టు గూగుల్ వాడిన సుమారు 11,500 జావా డిక్లరేషన్ లైన్లను (ఫంక్షన్ల పేర్లు, రూపం చెప్పే లైన్లు) 'ఫెయిర్ యూజ్', అంటే అనుమతి లేకున్నా చెల్లే వాడకం, అంది నిజమే, కానీ ఆ మాట రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. ఒక చిన్న కంపెనీ అంతకాలం లాయర్ ఫీజులు కట్టుకుంటూ నిలబడగలదా?

సపోర్ట్, మైగ్రేషన్ పనిలో ఉన్నవాళ్లు

వీళ్లకి ఉచ్చు వేరే చోట ఉంటుంది: కస్టమర్ లాగిన్. ఒరాకిల్‌కి పోటీ అయిన శాప్ కొన్న టుమారోనౌ అనే సపోర్ట్ కంపెనీ, తన కస్టమర్ల లాగిన్‌లతో ఒరాకిల్ సైట్ నుంచి సపోర్ట్ ఫైళ్లను కుప్పలుతెప్పలుగా డౌన్‌లోడ్ చేసింది. 2010లో జ్యూరీ 130 కోట్ల డాలర్లు కట్టమంది. తర్వాత అది తగ్గి చివరికి 35.67 కోట్ల దగ్గర తేలింది. ఒరాకిల్ సాఫ్ట్‌వేర్‌కి సపోర్ట్ ఇచ్చే రిమినీ స్ట్రీట్ కంపెనీ కేసులో ఒక కస్టమర్ కోసం పెట్టిన సాఫ్ట్‌వేర్ కాపీని ఇంకో కస్టమర్ పనికి వాడటం పెద్ద తగువైంది. అందుకని ఒక్కో కస్టమర్‌కి వేరువేరు ఎన్విరాన్‌మెంట్, అదీ కుదిరినంతవరకు వాళ్ల సర్వర్ల మీదే. ప్యాచ్ ఒకరి కోసం తయారుచేసి పదిమందికి పంచకండి. లైసెన్స్ గడువు ఎప్పుడు తీరుతుందో క్యాలెండర్‌లో పెట్టుకోండి, ఆ తేదీ దాటాక లాగిన్ ముట్టుకోవద్దు.

ఓపెన్ సోర్స్ కోడ్‌ని పోటీ ప్రోడక్ట్‌లో కలుపుతుంటే లైసెన్స్ ఫైల్ జోలికి వెళ్లకండి. నియోఫోర్‌జే అనే డేటాబేస్ కోడ్‌తో పోటీ వెర్షన్ నడిపినవాళ్లు లైసెన్స్‌లోంచి ఒక షరతు తీసేసినందుకు 2024లో కాలిఫోర్నియా కోర్టు దాదాపు 5,97,000 డాలర్లు కట్టమంది.

ఇన్ని చేసినా నోటీసు వస్తే

ఏదీ డిలీట్ చేయకండి. వాట్సాప్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే వెంటనే ఆపేయండి. పాత కొలీగ్స్‌కి ఫోన్ చేసి "నువ్వేం చెప్పావ్?" అని అడగకండి. టెన్షన్‌లో లింక్డ్‌ఇన్‌లో పోస్టులు పెట్టకండి. కంపెనీ లాయర్ కంపెనీ తరఫు మనిషి, మీ పేరు కూడా నోటీసులో ఉంటే మీకు విడిగా ఒక అడ్వకేట్‌ని పెట్టుకోండి. ఏదైనా తెచ్చి ఉంటే ఏ ఫైలు, ఎక్కడుంది, ఏ కోడ్‌లోకి వెళ్లింది అన్నది మొదటి మీటింగ్‌లోనే మీ అడ్వకేట్‌కి మొత్తం చెప్పేయండి. ఆల్టాయ్ ప్రోగ్రామర్ ఏయే భాగాలో చూపించబట్టే ఆ ఎనిమిది మందికి ఏం తిరగరాయాలో తెలిసింది.