ఫోన్‌లో ఉద్యోగ ఇంటర్వ్యూకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

హైదరాబాదు కంపెనీకి హనుమకొండ నుంచో నర్సంపేట నుంచో ఫోన్‌లో ఇంటర్వ్యూ ఇచ్చే అభ్యర్థి మొదట చూసుకోవలసింది చోటు. కాజీపేట జంక్షన్ దగ్గర ఇల్లున్నవారికి రైలు కూత, చౌరస్తా పక్కన ఉండేవారికి హారన్ల మోత తప్పవు కాబట్టి, రోడ్డుకు దూరంగా ఉన్న లోపలి గదిని ఎంచుకొని, అక్కడ మాట స్పష్టంగా వినిపిస్తోందో లేదో ముందురోజు అదే సమయానికి ఒక స్నేహితుడికి ఫోన్ చేసి తెలుసుకోవాలి. సిగ్నల్ అందకపోతే, ఇంట్లో వైఫై ఉన్నవారు వైఫై కాలింగ్‌ను ప్రయత్నించవచ్చు.

ఛార్జింగ్ నిండుగా ఉండాలి. మధ్యలో మరో కాల్ అడ్డు రాకుండా #43# డయల్ చేసి కాల్ వెయిటింగ్‌ను ఆపుకోవాలి. తర్వాత *43# తో తిరిగి పెట్టుకోవచ్చు.

రెజ్యూమె, ఉద్యోగ ప్రకటన కాగితంపై ఎదురుగా ఉండాలి గాని, జవాబులను చూసి చదవకూడదు. చదివే గొంతు అవతలివారికి ఇట్టే తెలిసిపోతుంది. తెలుగు మాధ్యమంలో చదివిన మన పిల్లలు చాలామంది విషయం తెలిసి కూడా తొలి నిమిషాల్లోనే తడబడతారు, అందుకే స్వపరిచయాన్ని ఇంగ్లీషులో పదిసార్లు గట్టిగా పలికి చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. మన ముఖం వారికి కనబడదు కనుక, ఆలోచించడానికి సమయం కావలసినప్పుడు మౌనంగా ఉండిపోకుండా ఆ మాట చెప్పి ఆగాలి. ప్రశ్న వినబడకపోతే ఊహించి జవాబివ్వకుండా మళ్లీ అడగాలి.

ఉద్యోగం ఖాయమంటూ రిజిస్ట్రేషన్ రుసుము గాని, ఓటీపీ గాని అడిగితే వెంటనే ఫోన్ పెట్టేయాలి. అప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి.