మెయిల్ ఐడీ ఎవరి దగ్గర లీకైందో ప్లస్ గుర్తు చెబుతుంది

బెంగళూరు మారతహళ్లిలో ఇల్లు వెతకడం మొదలుపెడితే ఇల్లు దొరికేలోపే ఇన్‌బాక్స్ నిండిపోతుంది. బ్రోకర్, జిమ్, నెట్ కనెక్షన్‌వాళ్లు, ఆఖరికి బిర్యానీ హోటల్ బిల్లు కౌంటర్లో కూడా మెయిల్ ఐడీ అడుగుతారు. అడిగితే ఇవ్వండి. కాకపోతే ఒక్కొక్కళ్లకి ఒక్కో రకంగా ఇవ్వండి.

జీమెయిల్లో మీ పేరు తర్వాత, ఎట్ గుర్తుకి ముందు, ప్లస్ పెట్టి ఏదైనా మాట చేర్చొచ్చు. బ్రోకర్‌కి ‘పేరు+ఇల్లు’, జిమ్‌కి ‘పేరు+జిమ్’. ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి. అన్నీ మీ పాత ఇన్‌బాక్స్‌కే వస్తాయి, కొత్త అకౌంట్ అక్కర్లేదు. అవుట్‌లుక్‌లోనూ ఇది పనిచేస్తుంది.

ఇక ఫిల్టర్. ఫోన్ యాప్‌లో కుదరదు, కంప్యూటర్లో జీమెయిల్ తెరవండి. సెర్చ్ పెట్టె కుడి చివర ఉన్న గుర్తు నొక్కి, ‘టు’ గడిలో ఆ ప్లస్ అడ్రస్ మొత్తం రాసి, ‘క్రియేట్ ఫిల్టర్’ నొక్కండి. ‘స్కిప్ ద ఇన్‌బాక్స్’, ‘అప్లై ద లేబుల్’ రెండూ టిక్ చేసి ‘ఇల్లు’ అని లేబుల్ ఇవ్వండి. బ్రోకర్ల గోల అంతా ఒక మూలకి పోతుంది, తీరికున్నప్పుడు చూసుకోవచ్చు. ఇల్లు దొరికాక అదే ఫిల్టర్‌ని ‘డిలీట్ ఇట్’కి మార్చేయండి, పీడా పోతుంది.

జిమ్‌కి మాత్రమే ఇచ్చిన అడ్రస్‌కి ఓసారి నాకు లోన్ యాప్ మెయిల్ వచ్చింది. ఐడీ ఎక్కణ్ణుంచి బయటికి పోయిందో ఇక అడగాలా!

కొన్ని ఫారాలు ప్లస్‌ని ఒప్పుకోవు. కౌంటర్లో చెబితే “మెయిల్లో ప్లస్ ఏంటి సార్?” అని మొహం చూస్తారు. అక్కడ పేరు మధ్యలో చుక్క పెట్టండి. మామూలు జీమెయిల్ చుక్కల్ని పట్టించుకోదు కాబట్టి మెయిల్ మీకే వస్తుంది. ఆఫీసు జీమెయిల్‌తో మాత్రం ఈ పని చేయొద్దు, అక్కడ చుక్క మారితే అడ్రసే మారిపోతుంది.

తెలివైన స్పామర్ ప్లస్ భాగాన్ని కోసేసి అసలు ఐడీకే పంపగలడు. బొత్తిగా నమ్మకం లేనివాళ్లకి ఫైర్‌ఫాక్స్ రిలే అడ్రస్ (మీ అసలు ఐడీ దాచి, మెయిల్‌ని మీకు చేరవేసే మారు అడ్రస్) ఇవ్వడం మేలు. ఉచితంగా 5 ఇస్తారు, విసుగొస్తే ఆపేయొచ్చు.

ఇంకోటి, ప్లస్ అడ్రస్‌కి వచ్చిన మెయిల్‌కి జవాబిస్తే మామూలుగా మీ అసలు ఐడీతోనే వెళ్తుంది. బ్రోకర్‌కి జవాబు రాయాల్సి ఉంటే ముందే సెట్టింగ్స్‌లో ‘సెండ్ మెయిల్ యాజ్’ కింద ప్లస్ అడ్రస్‌ని చేర్చుకోండి.