చెన్నైలో పీఎం ఆవాస్ ఇంటికి దరఖాస్తు: తెలుగు కుటుంబాలు ముందుగా చూసుకోవాల్సినవి

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత 2024 సెప్టెంబరులో మొదలైంది. వ్యాసర్‌పాడిలో, తండయార్‌పేటలో ఏళ్లుగా అద్దెకుంటున్న మనవాళ్లు దీనికి దరఖాస్తు పెట్టే ముందు సొంతూరి లెక్క తేల్చుకోవాలి. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ గృహ పథకం కిందా లబ్ధి పొంది ఉండకూడదు. నెల్లూరులోనో శ్రీకాకుళంలోనో భార్య పేరు మీద ప్రభుత్వ ఇల్లు మంజూరై ఉంటే, ఇక్కడ భర్త పెట్టే దరఖాస్తు నిలవదు. కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. కాబట్టి నాన్న పేరు మీదున్న ఇల్లు పెళ్లయిన కొడుక్కి అడ్డం కాదు. అదే ఇంటిని తన పేరున రాయించుకుంటే అడ్డమే.

ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉంటే ఆర్థికంగా బలహీన వర్గం, 6 లక్షల దాకా అల్పాదాయ వర్గం, 9 లక్షల దాకా మధ్య ఆదాయ వర్గం.

తర్వాత పథకంలో ఏ విభాగం కింద దరఖాస్తు పెట్టాలో ఎంచుకోవాలి. సొంత స్థలంలో కట్టుకునేవాళ్లకు కేంద్రం 1.5 లక్షలు, రాష్ట్రం కనీసం లక్ష ఇస్తాయి. దీనికి స్థలం పత్రాలు కావాలి. పోరంబోకు స్థలంలో గుడిసె వేసుకున్నవాళ్ల దగ్గర అవే ఉండవు. వాళ్లకు ప్రభుత్వ, ప్రైవేటు సంస్థల భాగస్వామ్యంలో కట్టే ఫ్లాట్లే దారి. చెన్నైలో ఈ పని చూసేది తమిళనాడు పట్టణ ఆవాస అభివృద్ధి మండలి. 2021 దాకా దాని పేరు మురికివాడల నిర్మూలన మండలి, ఆఫీసు కామరాజర్ సాలైలో ఉంది. ఫ్లాటు ఎక్కడ ఇస్తారో ముందే అడగండి. పెరుంబాక్కం లాంటి దూరపు చోట వస్తే ఉత్తర చెన్నైలో రోజు కూలికి వెళ్లేవాళ్లకు పనే పోవచ్చు. నా దృష్టిలో ఇది ఇంటి ఖరీదు కన్నా పెద్ద విషయం.

లోన్ తీసుకుని కొనేవాళ్లకు వడ్డీ రాయితీ ఉంది. ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు. మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ, మొత్తం 1.8 లక్షల దాకా, ఐదు వార్షిక వాయిదాల్లో వస్తుంది. అసలులో సగానికి మించి బాకీ ఉంటేనే వాయిదా విడుదలవుతుంది కాబట్టి, చేతిలో డబ్బుంది కదా అని తొందరపడి అసలు కట్టేయకండి.

కుటుంబంలో అందరి ఆధార్, ఆధార్‌కు లింకైన బ్యాంకు ఖాతా, ఆదాయ ధ్రువపత్రం, అవసరమైతే కుల ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. ఆదాయ పత్రానికి ఈ-సేవై కేంద్రంలో దరఖాస్తు పెట్టాలి. మనవాళ్లకు ఎక్కువ టెన్షన్ పెట్టేది పేరు. ఆంధ్రలో తీసుకున్న ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడి రేషన్ కార్డులో తండ్రి పేరు మొదటి అక్షరమే ఉంటుంది. రెండూ ఒకేలా లేకపోతే పరిశీలనలో ఆగిపోవచ్చు, ముందే సరిచేయించుకోండి.

ఇక ఈ పథకం వెబ్‌సైట్ పీఎంఏవై అర్బన్‌లో రాష్ట్రం, ఆదాయం, విభాగం ఇచ్చి అర్హత చూసుకుని, ఆధార్ ఓటీపీతో ఫారం నింపాలి. ఓటీపీ వచ్చే నంబరు ఊళ్లో ఎవరి దగ్గరో ఉండిపోతే పని సాగదు. దరఖాస్తు నంబరు రాసి పెట్టుకోండి. పరిశీలన స్థానిక సంస్థది, చెన్నైలో అయితే కార్పొరేషన్‌ది. అధికారులు ఇంటికొచ్చి అడిగితే ఊళ్లో ఆస్తి గురించి ఉన్నదున్నట్టు చెప్పండి. ఇల్లు ఇప్పిస్తానంటూ డబ్బడిగే బ్రోకర్‌కు రూపాయి కూడా ఇవ్వకండి.